చరిత్ర ఆటలో అరటిపండేనా?

కంప్యూటర్లో రైలు ఆటలు ఆడేవాళ్లలో రెండు తెగలున్నాయి. మొదటి తెగవారికి ఇంజిను చక్రాల లెక్క తప్పితే నిద్ర పట్టదు. 1860ల నాటి మ్యాపులో 1880ల ఇంజిను పొగ వదిలితే వాళ్ల ముక్కుపుటాలు అదురుతాయి. రెండో తెగకు ఆ పట్టింపులు లేవు. లాభం వస్తుందంటే సముద్రం మీదైనా పట్టాలు వేస్తారు. నేను పగలు మొదటి తెగ, రాత్రి రెండో తెగ.

1990లో సిడ్ మియర్, బ్రూస్ షెల్లీ కలిసి చేసిన ‘రైల్‌రోడ్ టైకూన్’ ఈ తగువును ముందే పసిగట్టింది. కాఫీలో పంచదార ఎంత వేయమంటారని అడిగినట్టు, నిజం ఎంత కలపమంటారని ఆట మొదట్లోనే అడిగేది. ఎదురెదురు రైళ్లు గుద్దుకోవాలా, అక్కర్లేదా? పోటీ కంపెనీలు మర్యాదగా మసలుకోవాలా, పీకలు తెగ్గోయాలా? మన ఓపికను బట్టి నిజం.

అయితే ఎంత నిజం కోరుకున్నా కాలం మాత్రం అబద్ధమే. రైలు పక్క నగరానికి చేరేలోగా క్యాలెండర్లో నెలలు దొర్లిపోతాయి. ఆ లెక్కన ప్రయాణికులు టికెట్టుతోపాటు ఏడాదికి సరిపడా ఆవకాయ కూడా కట్టుకుని బయల్దేరాలి. గేజ్ (రెండు పట్టాల మధ్య ఎడం) గొడవా అందులో లేదు. నిజానికి అమెరికా దక్షిణాది రైల్వేలు చాలావరకు 5 అడుగుల గేజ్ మీద నడిచేవి. ఉత్తరాదితో కలవడానికి 1886 మే 31, జూన్ 1 తేదీల్లో వేల మైళ్ల పొడవునా ఒక పక్క పట్టాను 3 అంగుళాలు లోపలికి జరిపారు. ఆటలో ఆ తంతు పెడితే సగంమంది కంప్యూటర్ కట్టేసి పడుకుంటారు. కాబట్టి ప్రతి ఆటా ఎక్కడో ఒకచోట బొంకక తప్పదు. ఎక్కడ బొంకాలన్నదే పేచీ.

మొదటి తెగవారి ఆదర్శం ఇలా ఉంటుంది: అమెరికా తూర్పు పడమరలను కలిపే లైను కోసం సాక్రమెంటో నుంచి సెంట్రల్ పసిఫిక్ కంపెనీ, ఒమాహా నుంచి యూనియన్ పసిఫిక్ కంపెనీ పట్టాలు వేస్తూ బయల్దేరాలి, 1869 మే 10న యూటాలోని ప్రొమంటరీ దగ్గర కలవాలి, బంగారు మేకు దిగాలి. తేదీ తప్పలేదు, చోటు తప్పలేదు. కానీ చరిత్ర తప్పింది. ఎందుకంటే ఆ పట్టాలు వేస్తున్నవాళ్లకు ఎక్కడ కలుస్తామో తెలియదు. 1862 చట్టం ప్రకారం కంపెనీలు వేసిన మైళ్లను బట్టి ప్రభుత్వం బాండ్లు అప్పుగా ఇచ్చేది. మైలుకింత అన్నాక కలుసుకోవాలని ఎవరికి తొందర? రెండు కంపెనీల మట్టిపని ముఠాలు యూటాలో ఎదురుపడి, ఒకరినొకరు దాటుకుని, పక్కపక్కనే వ్యతిరేక దిక్కుల్లో 200 మైళ్లకు పైగా నేల చదును చేశాయి. చివరికి అమెరికా కాంగ్రెస్ కలగజేసుకుని ఇక్కడ కలవండని తేల్చింది. ఆటలో ఎవరైనా ఈ పని చేస్తే రూల్సులో బొక్క వెతికాడని తిట్టిపోస్తాం.

అంతకన్నా గొప్ప ఎత్తు కొండలది. మైదానంలో మైలుకు 16,000 డాలర్ల బాండ్లు, కొండల్లో 48,000. మరి సెంట్రల్ పసిఫిక్ దారిలోని సియెర్రా నెవాడా కొండలు ఎక్కడ మొదలవుతాయి? కళ్లకు కనిపించే కొండ ఇంకా చాలా దూరంలో ఉండగానే, సాక్రమెంటోకు 7 మైళ్ల దూరంలోని ఆర్కేడ్ క్రీక్ దగ్గర కొండ మొదలైనట్టు కాగితాలు తయారయ్యాయి. అధ్యక్షుడు లింకన్ సంతకం పెట్టాడు. ఇంత చనువిచ్చిన ఆట నేనింతవరకూ ఆడలేదు.

కాబట్టి స్వేచ్ఛకూ చరిత్రకూ పడదన్న మాట నేను నమ్మను. ఆనాటి ఫలితాన్ని నా చేత వల్లె వేయించే ఆటకన్నా, ఆనాటి ఆశను నాకు అంటించి వదిలేసే ఆటే నిజానికి దగ్గర. నేను లైను ప్రొమంటరీ దాకా తేకుండా దివాలా తీసినా సరే.

కానీ ఈ స్వేచ్ఛ అంతా యజమాని కుర్చీలోదే. కూలీల వైపు నుంచి చూడండి. సియెర్రా శిఖరం దగ్గరి సొరంగం పొడవు 1,659 అడుగులు. గట్టి నల్లరాయి. తుపాకిమందు పెట్టి పేల్చినా ఒక్కో ముఖం రోజుకు అడుగు కదిలితే గొప్ప. తొలిచినవాళ్లలో అత్యధికులు చైనా కూలీలు. 1867 జూన్‌లో వాళ్లు వేలమంది పనిముట్లు కింద పెట్టారు. నెలకు 40 డాలర్లు కావాలన్నారు, సొరంగంలో 8 గంటలకు మించి పని వద్దన్నారు. సెంట్రల్ పసిఫిక్ తరఫున పని చూస్తున్న చార్లెస్ క్రోకర్ వాళ్లకు తిండి సరఫరా ఆపించాడు. దాదాపు వారంలో సమ్మె ముగిసింది. ఆటల్లో సొరంగం అంటే ఒక క్లిక్కు, ఖాతాలో కొంత కోత. చక్రాలు లెక్కపెట్టే తెగ ఇక్కడ లెక్క అడగదు. ఆ కూలీలు ఆటలో అరటిపండ్లు కూడా కారు.

నన్నడిగితే ఆ సమ్మెను ఆటలో పెట్టాలి. పెట్టి, నిర్ణయం నాకే వదలాలి: 40 డాలర్లా, తిండి ఆపడమా? పుస్తకం మూసి క్రోకర్ దుర్మార్గుడనడం తేలికే. చేతిలో డబ్బు అడుగంటుతూ, అవతలి కంపెనీ మైళ్లు మింగేస్తూ ఉండగా అదే మాట అనగలనా అన్నది వేరే పరీక్ష. ఆ పరీక్ష పెట్టే ఆటలో ఇంజినుకు రెండు చక్రాలు తక్కువున్నా నేను ఫిర్యాదు చేయను.