రిపోర్టు వచ్చేదాకా...

పప్పులో ఉప్పు రెండుసార్లు వేసిన రోజు మీకెప్పుడైనా ఉందా? నాకుంది. ఒక్కరోజు కాదు, వారం రోజులపాటు నా వంటింట్లో అన్నీ అలాంటివే. ఒకరోజు పాలు పొంగిపోయాయి. ఇంకోరోజు కుక్కర్లో నీళ్ళు పోయకుండానే పొయ్యి మీద పెట్టేశాను. "ఏమైంది నీకు? ఒంట్లో బాగాలేదా?" అని మా వారు అడిగితే, "ఏం లేదు, ఎండలు కదా" అన్నాను. ఎండలేం చేశాయి పాపం, అప్పటికింకా శివరాత్రి కూడా వెళ్ళలేదు!

అసలు సంగతేమిటంటే, నేనొక రిపోర్టు కోసం ఎదురుచూస్తున్నాను. ఆ మాట ఇంట్లో ఎవరికీ చెప్పలేదు.

మేముండేది అమీర్‌పేటలో. పెళ్ళయి ఈ ఇంటికొచ్చి పాతికేళ్ళు దాటింది. ఏ సందులో చూసినా కోచింగ్ సెంటర్లు, హాస్టళ్ళు, జిరాక్స్ షాపులు, వీపుకి బ్యాగులు తగిలించుకున్న పిల్లలు. ఆ రోజు మా తోడికోడలికి తోడుగా పంజగుట్టలో ఒక లేడీ డాక్టరు గారి దగ్గరికి వెళ్ళాను. చూపించుకోవలసింది తను. నేను ఊరికే పక్కన కూర్చున్నాను. తనను చూడటం అయ్యాక డాక్టరమ్మ నా వైపు తిరిగి, "మీ వయసెంతమ్మా?" అన్నారు.

"నలభై ఆరండీ."

"గర్భాశయ ముఖద్వారం పరీక్ష ఎప్పుడైనా చేయించుకున్నారా?"

"నాకే బాధా లేదండీ" అన్నాను, కాస్త గర్వంగానే.

ఆవిడ నవ్వి, "బాధ లేనప్పుడు చేయించుకునే పరీక్షే అది" అన్నారు.

అయిదు నిమిషాలు కూడా పట్టలేదు. బల్ల మీద పడుకోబెట్టి, ఒక చిన్న పరికరం అమర్చి, మెత్తటి బ్రష్షుతో ముఖద్వారం దగ్గర సుతారంగా తుడిచి, దాన్ని ఒక సీసాలో వేశారు. కాస్త ఇబ్బంది, కాస్త సిగ్గు. అంతే తప్ప నొప్పి అనేంత ఏమీ లేదు. "పాప్ పరీక్ష, హెచ్‌పీవీ పరీక్ష, రెండూ పంపిస్తున్నాను. పది రోజుల్లో రిపోర్టు వస్తుంది" అన్నారు. తలూపి వచ్చేశాను. బయటికి రాగానే ఇంట్లో ఎవరికీ చెప్పొద్దని తోడికోడలి చేత ఒట్టు వేయించుకున్నాను.

పరీక్ష అయిదు నిమిషాలు. ఆ తర్వాత పది రోజులే అసలు పరీక్ష!

ఎందుకంత భయం అంటారా? మా పెద్దమ్మ గుర్తుకొచ్చింది. ఆవిడది నల్గొండ జిల్లా. ముట్లుడిగిన నాలుగేళ్ళకు మళ్ళీ రక్తం కనబడింది. "ఈ వయసులో ఇదేం సిగ్గుచేటు" అనుకుని ఏడాదిపాటు ఎవరికీ చెప్పలేదు. తెల్లవారకముందే లేచి తన చీరలు తనే ఉతుక్కునేది. రెడ్ హిల్స్‌లోని ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రికి తీసుకొచ్చేసరికి చెయ్యి దాటిపోయింది. "ముందే చెప్పి ఉంటే బాగుండేది చెల్లె" అని మా అమ్మతో అన్నదట ఆఖరు రోజుల్లో.

పగలంతా ఏదో పనిలో పడి సర్దుకునేదాన్ని. రాత్రి అందరూ పడుకున్నాక మొదలయ్యేది. దుప్పటి ముసుగులో ఫోను పెట్టుకుని వెతకడం. ఒకటి చదివితే భయం, ఆ భయం పోవాలని ఇంకొకటి చదివితే ఇంకా భయం. మా అమ్మాయి బెంగుళూరులో ఉద్యోగం చేస్తోంది. దాని పెళ్ళి చూస్తానా? చూడకపోతే దాని చీరలు ఎవరు కొంటారు? నవ్వకండి, అర్ధరాత్రి రెండు గంటలకు మనసు ఇలాంటి చోట్లకే పోతుంది. బల్కంపేట ఎల్లమ్మ తల్లికి మొక్కుకున్నాను కూడా.

పంజగుట్ట మీదుగా వెళ్ళాల్సి వస్తే నిమ్స్ ఆసుపత్రి వైపు చూసేదాన్ని కాదు. ఇన్నేళ్ళలో ఎన్నిసార్లు ఆ దారిన వెళ్ళానో లెక్కలేదు. జిల్లాల నుంచి వచ్చినవాళ్ళు చేతిలో ఫైళ్ళు, పక్కన మూటలు పెట్టుకుని గేటు ముందు కూర్చుని ఉంటారు. ఎన్నడూ పట్టించుకోనిదాన్ని, ఆ వారంలో మాత్రం ఆటోలోంచి మొహం పక్కకు తిప్పుకున్నాను.

ఏడో రోజు మధ్యాహ్నం మా తోడికోడలు ఊడిపడింది. వాళ్ళుండేది ఎర్రగడ్డలో. రైతు బజారులో కొత్త చింతపండు వచ్చిందని అయిదు కిలోలు కొని, మెట్రోలో మోసుకొచ్చింది. "ఏడాదికి సరిపడా చేసేద్దాం పద అక్కా" అంటూ వంటింట్లో పేపరు పరిచేసింది. ఇద్దరం ఈనెలు తీస్తూ, గింజలు తీస్తూ కూర్చున్నాం. అరగంట అయ్యాక గమనించాను. ఆ అరగంటా ఫోను ముట్టుకోలేదు. ఎలా ముట్టుకుంటాను, చేతులనిండా జిగురైతే!

అప్పుడు అడిగింది తను. "బావగారికి చెప్పావా?"

"రిపోర్టు రానీ, అప్పుడు చూద్దాం. ఊరికే ఆయన్ని కంగారు పెట్టడం ఎందుకు?"

"మీ పెద్దమ్మ కూడా ఇలాగే అనుకుని ఉంటుందక్కా" అంది, చింతపండు మీంచి తలెత్తకుండానే.

ఆ మాట నాకు సూటిగా తగిలింది. పెద్దమ్మ జబ్బుని దాచింది. నేను భయాన్ని దాస్తున్నాను. దాచే అలవాటు మాత్రం ఇద్దరికీ ఒకటే. ఇంటిల్లిపాదికీ జ్వరమొస్తే కషాయాలు కాస్తాం. మన సంగతి వచ్చేసరికి "ఏం లేదు, ఎండలు కదా" అంటాం. మీరూ ఇలాగే అంటారు కదూ?

చేతులు కడుక్కుని డాక్టరమ్మకు ఫోను చేశాం. నా భయమంతా చెప్పాను. ఆవిడ విసుక్కోలేదు. "ఈ పరీక్ష క్యాన్సర్ రావడానికి ఎన్నో ఏళ్ళ ముందు కణాల్లో వచ్చే మార్పుల్ని పట్టుకోవడానికమ్మా. వైరస్ చేరిన దగ్గర్నుంచి క్యాన్సర్‌గా మారడానికి మామూలుగా పదిహేను, ఇరవై ఏళ్ళు పడుతుంది. మధ్యలో పట్టుకుంటే అక్కడికక్కడే చికిత్స చేసి ఆపేయవచ్చు. రిపోర్టులో తేడా ఉందంటే చాలామందిలో అది క్యాన్సర్ కాదు" అన్నారు. ఈ మాట పరీక్ష చేయించుకున్న రోజే అడిగి తెలుసుకుని ఉంటే నా కుక్కరు మాడేది కాదు!

ఆ రాత్రి మా వారికి చెప్పాను. ఆయన ఏమీ మాట్లాడలేదు. లేచి వెళ్ళి ఇద్దరికీ టీ పెట్టుకొచ్చారు. నోట్లో పోసుకుంటే పానకం! పంచదార రెండుసార్లు వేశారు. నా ఉప్పు, ఆయన పంచదార తలుచుకుని ఇద్దరం నవ్వుకున్నాం. వారం తర్వాత నాకు నిద్ర పట్టింది ఆ రాత్రే.

పదో రోజున రిపోర్టు వచ్చింది. ఇద్దరం కలిసే వెళ్ళాం.

పాప్ పరీక్షలో కణాలన్నీ మామూలుగానే ఉన్నాయి. హెచ్‌పీవీ పరీక్షలో మాత్రం 'పాజిటివ్' అని వచ్చింది. ఎక్కువ ప్రమాదమైన 16, 18 రకాలు కావు, వేరే రకం. ఆ వైరస్ ఎలా వస్తుందని మా వారే అడిగారు. దాంపత్య సంబంధం ద్వారా అన్నారు డాక్టరమ్మ. గదిలో ఫ్యాను చప్పుడు తప్ప ఇంకేమీ వినబడలేదు. నేనాయన వైపు చూడలేదు. ఆయన నా వైపు చూడలేదు.

ఇలాంటి మౌనాలు ఆవిడ ఎన్ని చూశారో! తనే చెప్పారు. "ఇది ఎవరి నడతకూ సర్టిఫికెట్ కాదమ్మా. పెళ్ళయిన వాళ్ళలో చాలామందికి జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు సోకేదే. మగవాళ్ళకూ సోకుతుంది, వాళ్ళకు తెలియనే తెలియదు. ఎన్నో ఏళ్ళు ఒంట్లో నిద్రపోయి ఇప్పుడు కనబడవచ్చు. ఎప్పుడు, ఎవరి నుంచి వచ్చిందో ఏ పరీక్షా చెప్పలేదు. చాలామందిలో రెండేళ్ళలోపు శరీరమే దాన్ని వదిలించుకుంటుంది. ఏడాది తర్వాత మళ్ళీ రండి, చూద్దాం" అన్నారు.

పంజగుట్ట నుంచి అమీర్‌పేటకు మెట్రోలో ఒక్కటే స్టేషను. ఆ రోజు నడిచే వచ్చాం. సగం దూరం వచ్చాక ఆయన అడిగారు, "నా మీద అనుమానం కలిగిందా?" అని.

అబద్ధం చెప్పబుద్ధి కాలేదు. "రెండు నిమిషాలు కలిగింది" అన్నాను.

కాసేపు ఆగి, "నాకూ కలిగింది. ఆవిడ చెప్పింది వినకపోతే అది అలాగే ఉండిపోయేదేమో" అన్నారు. మనసు చివుక్కుమంది. కానీ నేను మాత్రం తక్కువ తిన్నానా? నడుస్తూ నడుస్తూ ఇల్లు చేరేసరికి ఆ బరువు దారిలోనే ఎక్కడో దిగిపోయింది. ఆ రిపోర్టు నేనొక్కదాన్నే తెచ్చుకుని, ఆ ముక్క నేనొక్కదాన్నే చదువుకుని ఉంటే మా ఇంట్లో ఏమై ఉండేదో మీరే ఊహించండి. అందుకే చెబుతున్నాను, వీలైతే రిపోర్టుకు ఇద్దరూ వెళ్ళండి.

ఈ వైరస్‌కీ, ఈ క్యాన్సర్‌కీ ఉన్న సంబంధం కనిపెట్టినందుకే జర్మనీ శాస్త్రజ్ఞుడు హరాల్డ్ జుర్ హౌజెన్‌కు 2008లో నోబెల్ బహుమతి ఇచ్చారు. పాప్ పరీక్షకు ఆ పేరు పాపనికొలావ్ అనే గ్రీకు డాక్టరు వల్ల వచ్చింది. ఆయన 1913లో భార్యతో సహా అమెరికా వెళ్ళారు. ఆవిడ పేరు ఆండ్రొమాకి. కొత్తలో ఇల్లు గడవడానికి ఆవిడ ఒక దుకాణంలో గుండీలు కుట్టింది. తర్వాత భర్త ప్రయోగశాలలో సాయం చేస్తూ, ఏళ్ళ తరబడి ఈ పరీక్షను తన మీద తనే చేయించుకుంది. ఇవాళ మనం అయిదు నిమిషాలు ఇబ్బంది పడే ఆ బల్ల మీద మొదట పడుకున్నది ఒక ఇల్లాలే అని తెలిశాక నా సిగ్గు సగం పోయింది.

అసలు ఎదురుచూడక్కర్లేని పరీక్ష కూడా ఉంది. మన వంటింటి వెనిగర్‌లో ఉండే ఆమ్లాన్నే పలుచగా ముఖద్వారానికి అద్ది చూస్తారు. తేడా ఉన్న చోట తెల్లగా అవుతుంది. ఫలితం అప్పటికప్పుడే తెలుస్తుంది. ముంబయి టాటా మెమోరియల్ ఆసుపత్రివాళ్ళు బస్తీల్లో లక్షన్నర మంది స్త్రీలతో చేసిన పరిశోధనలో, ఈ చవకైన పరీక్ష వల్ల ఈ క్యాన్సర్ మరణాలు నూటికి 31 వంతులు తగ్గాయని 2014లో ప్రచురించారు. 30 నుంచి 65 ఏళ్ళ స్త్రీలకు అయిదేళ్ళకోసారి ఇది చేయాలని కేంద్ర ఆరోగ్యశాఖ 2016 మార్గదర్శకాల్లో ఉంది. అయినా 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, 30 - 49 ఏళ్ళ వాళ్ళలో ఇలాంటి పరీక్ష ఒక్కసారైనా చేయించుకున్నవాళ్ళు దేశం మొత్తంమీద నూటికి ఇద్దరు దాకానే తేలారు. మిగతావాళ్ళందరికీ "ఏ బాధా లేదు" కాబోలు!

ఆ పది రోజులు నాకు నేర్పినవి నాలుగు మాటలు. మొదటిది, పరీక్ష రోజే అన్నీ అడగండి. రిపోర్టు ఎన్ని రోజులకు వస్తుంది, ఎవరికి ఫోను చేయాలి, ఎలా వస్తే ఏం చేయాలి అని కాగితం మీద రాసుకోండి. రెండోది, ఒక్కరికైనా చెప్పండి. మూడోది, రాత్రిపూట ఫోనులో వెతకొద్దు. పగలు మాత్రం చింతపండో, వడియాలో, జాకెట్ల హుక్కులో, చేతులకు పని కల్పించండి. భయం పోదు గానీ కాస్త పక్కకు జరిగి కూర్చుంటుంది. నాలుగోది, భయమేసిందని రిపోర్టు తెచ్చుకోవడం మానకండి. నేను ఎల్లమ్మ తల్లి మొక్కూ తీర్చుకున్నాను, రిపోర్టూ తెచ్చుకున్నాను. తల్లికి కోపం రాలేదు!

ఇంకొక్క మాట. ముట్లుడిగాక రక్తం కనబడినా, కలయిక తర్వాత కనబడినా, నెలసరి మధ్యలో కనబడినా, దుర్వాసనతో మైల అవుతున్నా పరీక్షల తేదీ కోసం ఆగకండి. వెంటనే డాక్టరుకు చూపించుకోండి. మా పెద్దమ్మ చెప్పలేకపోయిన మాట ఆవిడ తరఫున నేను చెబుతున్నాను.

నాకు మళ్ళీ పరీక్ష వచ్చే మాఘమాసంలో. ఇంకా నెలలున్నాయి. భయం లేదంటే అబద్ధమే. అప్పుడప్పుడూ తొంగి చూస్తుంది. కానీ వంటింటి కేలండర్లో, గ్యాసు సిలిండర్ తెచ్చిన తేదీ పక్కనే, ఎర్ర ఇంకుతో ఆ తేదీ కూడా రాసి పెట్టుకున్నాను. మా వారు చూశారు, మా అమ్మాయి చూసింది, పనిమనిషి కూడా "ఏంటమ్మా ఇది?" అని అడిగింది. ఆమెకూ చెప్పాను. పోయిన నెల తనూ వెళ్ళి చేయించుకుంది.

మరి మీ కేలండర్లో ఆ తేదీ ఎప్పుడు?