అవ్వ తెచ్చిన ఎర్రమట్టి

పిల్లలూ, పంది పేరెత్తగానే మీలో కొందరు ముక్కు మూసుకుంటారని నాకు తెలుసు. మీ వయసులో నేనూ మూసుకునేవాణ్ణి. కాని ఒకసారి మా ఊళ్లో 10 పందిపిల్లల మూలాన నాకొక సంగతి తెలిసింది. అది మీకు చెబుతాను, కాస్త ఓపికగా వినండి.

మాది వనపర్తికి దగ్గర ఒక పల్లె. వనపర్తి, గద్వాల, నాగర్‌కర్నూలు ఇప్పుడు మూడు జిల్లాలు గాని, 2016 అక్టోబరు దాకా మూడూ మహబూబ్‌నగర్ జిల్లాలోనివే. మేమంతా పాలమూరు అనేవాళ్లం. మా చుట్టూ ఉన్నవి చల్క నేలలు. వాన కురిస్తే వాగు నీళ్లు సైతం ఎర్రగా పారేవి. పొద్దున తెల్లచొక్కా తొడుక్కుని బడికి పోతే, సాయంత్రానికి అది సన్యాసి చొక్కా అయ్యేది.

మా వీధి చివర ఎరుకలవాళ్ల ఇల్లు ఉండేది. వాళ్లు తమలో తాము మాట్లాడుకునే భాష వేరు, మాతో తెలుగు మాట్లాడేవారు. ఆ ఇంటి అవ్వ ఈత బరిగెలతో గంపలు అల్లేది. ఆమెకు ఒక నల్ల ఆడపంది ఉండేది. అది పగలంతా ఊరి బయట తిరిగి, ముట్టెతో నేలను దున్నిపోసి, చీకటి పడే వేళకు ఇల్లు చేరేది.

అవ్వ కొడుకును నేను మామా అని పిలిచేవాణ్ణి. పందులు ఊరి మీద పడి తిరుగుతున్నాయని నలుగురూ సణగడం ఆయనకు అవమానంగా తోచింది. అప్పు తెచ్చి కొట్టం కట్టించి, నేలంతా సిమెంటు చేయించాడు. యార్క్‌షైర్ అనే సీమ జాతి తెల్లపందిని, అదీ చూడిదాన్ని, కొనుక్కొచ్చాడు.

ఆ పందిని ఆయన సాకిన తీరు చూడవలసిందే! పంది 114 రోజులకు ఈనుతుంది. 3 నెలల, 3 వారాల, 3 రోజులని గుర్తు పెట్టుకుంటే సులువు. కడుపులోని పిల్లలు చివరి నెలలోనే బాగా పెరుగుతాయట. అందుకని ఆ నెలలో మామ జొన్న నూక, తవుడు పెంచి, దండిగా వేరుశనగ చెక్క కలిపేవాడు. మా వైపు వేరుశనగకు కరువు లేదు గదా! ఉప్పూ, ఎముకలకు బలమిచ్చే ఖనిజాల పొడీ కూడా చేర్చేవాడు. ఈనే రోజు దగ్గరపడగానే మేత తగ్గించి, మలబద్ధకం రాకుండా తడి తవుడు పెట్టాడు. ఈనిన తరువాత మెల్లమెల్లగా పెంచి, రోజుకు నాలుగైదు కిలోల దాకా తెచ్చాడు. చెక్కలోని మాంసకృత్తులే తల్లి ఒంట్లో పాలుగా మారుతాయి.

ఈనే ముందు రాత్రి ఆ పంది ముందుకాళ్లతో సిమెంటును ఒకటే గీకసాగింది. అమ్రాబాద్ అడవిలో అడవిపంది ఈనబోయే ముందు గడ్డీ గాదమూ పోగుచేసి గూడు కట్టుకుంటుంది. ఆ బుద్ధి కొట్టంలోని పందికీ పోలేదు. అవ్వ లేచి వరిగడ్డి పరిచింది.

తెల్లవారేసరికి 10 పిల్లలు! నేను బడి ఎగ్గొట్టి చూశాను. పిల్లలన్నీ మొదట రొమ్ముల కోసం కొట్లాడుకుంటాయి. రెండు మూడు రోజుల్లో ఎవరి రొమ్ము వారికి కుదిరిపోతుంది. ఇక ఒకదాని చోటికి ఇంకొకటి పోదు. ముందు రొమ్ములలో పాలు ఎక్కువ. వాటిని గెలుచుకున్న పిల్లలు బాగా బలుస్తాయి. మనిషి బిడ్డ పుట్టినప్పటి బరువుకు రెండింతలు కావడానికి అయిదు నెలలు పడుతుందా, ఇలాంటి పందిపిల్లకు ఒక్క వారం చాలు!

రెండో వారం దాటాక చిక్కు వచ్చింది. గులాబీరంగు పిల్లలు పాలిపోయాయి. చెవులు పల్చటి కాగితంలా తోచాయి. నాలుగడుగులు పరుగెత్తితే చాలు, డొక్కలు ఎగిరెగిరి పడేవి. ఒక ఉదయం ఒకటి చచ్చిపడి ఉన్నది. మర్నాడు మరొకటి. వింత యేమిటంటే, పోయినవి రెండూ అన్నిటికంటె పెద్దవి, ముందు రొమ్ముల్లో తాగినవి! మామ తలపట్టుకున్నాడు. "యేం తక్కువ చేసిన్నే అవ్వా? నా నోటి కాడిది తీసి దానికే పెట్టిన గదా!" అన్నాడు. అప్పిచ్చినవాడికి ఏం చెప్పాలన్నది ఆయన బెంగ.

అవ్వ యేమీ అనలేదు. నల్లపందికీ ఆ నెలలోనే పిల్లలు పుట్టాయి. చిన్నవే గాని, తల్లి వెంట మట్టిలో పొర్లుతూ చలాకీగా ఉన్నాయి. అవ్వ వాటిని కాసేపు చూసింది. గంప తీసుకుని గుట్ట వైపు పోయి, పందులు తిరగని చోట ఎర్రమట్టి తవ్వి తెచ్చి కొట్టంలో ఓ మూల పోసింది. "మన్నుల ముట్టె పెట్టక పంది బతుకుతదా బిడ్డా?" అన్నది నాతో. ఎనిమిది పిల్లలూ ఆ కుప్ప మీద పడ్డాయి.

ఆ సాయంత్రమే పశువుల డాక్టరుగారు వచ్చారు. ఆయన మట్టికుప్పను చూసి, కోప్పడతారేమో అనుకున్నాను గాని, కోప్పడలేదు. నన్ను పిలిచి పలకా బలపం తెమ్మన్నారు.

"రాయి. పందిపిల్ల పుట్టినప్పుడు దాని ఒంట్లో ఇనుము 50 మిల్లీగ్రాములు ఉంటుంది. రోజుకు దానికి 7 కావాలి. తల్లిపాలలో దొరికేది 1. మరి ఎన్నాళ్లు వస్తుంది?"

రోజుకు 6 లోటు. యాభైని ఆరుతో భాగించాను. ఎనిమిది రోజులు!

నెత్తురుకు ఎర్రరంగు ఇచ్చేది ఇనుమే. ఊపిరిలోని ప్రాణవాయువును ఒళ్లంతా మోసేది కూడా అదే. ఎంత తొందరగా పెరిగే పిల్లకు అంత నెత్తురు కావాలి, అంత ఇనుము కావాలి. అందుకే పెద్దవి ముందు పోయాయి. తల్లి మేతలో ఇనుము ఎంత కలిపినా పాలలోకి దిగేది బహు స్వల్పం. మామ మేతలో తప్పేమీ లేదు. ఆ మేత పిల్లలను పెంచింది. పెంచినకొద్దీ ఇనుము కొరత పెరిగింది.

మరి మా నేల ఎర్రగా ఎందుకుంది? ఇనుప తుప్పు వల్ల! మేకుకు పట్టే తుప్పుకు చుట్టమే అది. నల్లపంది పిల్లలు రోజూ దాన్నే నాకుతున్నాయి. సిమెంటు మీది పిల్లలకు అది అందలేదు. 1923లోనే స్కాట్లండులో మెక్‌గోవన్, క్రైటన్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు పందిపిల్లల పాలిపోవడానికి కారణం ఇనుము లేకపోవడమని చూపారు. 1950 తరువాతి సంవత్సరాలలో ఇంగ్లండులో దానికి సూదిమందు తయారైంది. పుట్టిన మూడో రోజున మెడ కండలో ఒక్కసారి పొడిస్తే చాలును.

డాక్టరుగారు ఎనిమిదింటికీ సూది వేశారు. ఆ రాత్రి మరొకటి పోయింది. తక్కిన 7 నిలిచాయి. వారం తిరిగేసరికి చెవులకు మళ్లీ రంగు వచ్చింది. అప్పు పూర్తిగా తీరలేదు గాని, మామ కొట్టం అమ్ముకోవలసిన పని తప్పింది.

గద్వాల నుంచి వచ్చిన మామ తోడల్లుడు ఇదంతా విని, "మాది నడిగడ్డ, కృష్ణా తుంగభద్రల నడుమ. అక్కడ నల్లరేగడే ఎక్కువ. మా మట్టి పనికిరాదా సారూ?" అని అడిగాడు. రేగడిలోనూ ఇనుము ఉంటుందని, అయితే ఏ మట్టిలో ఎంత ఉందో కంటితో తేల్చలేము గనుక సూదే నమ్మకమని డాక్టరుగారు చెప్పారు.

ఇది విని మీరు మాత్రం మట్టి తినబోకండి! అందులో నులిపురుగుల గుడ్లు ఉంటాయి. మీకు బళ్లో వారానికొకసారి ఇనుము మాత్ర ఇస్తారు గదా, చిన్నవాళ్లకు గులాబీరంగుది, పెద్దవాళ్లకు నీలంది. దాన్ని కిటికీలోంచి పారేసే వీరులు కొందరు ఉన్నారని విన్నాను.

తరువాతి ఈతకు మామ మూడో రోజునే సూది వేయించాడు. అవ్వ మాత్రం ఎప్పటిలాగే గంపతో గుట్టకు పోయింది. "ఇంక మన్నెందుకే?" అని కొడుకు నవ్వాడు. "సూది నీ తృప్తికి, మన్ను నా తృప్తికి" అంటూ అవ్వ గంప కుమ్మరించింది. పిల్లలు పాలు వదిలి పరుగెత్తుకొచ్చాయి.