ఆకాశంలో వుద్యోగం

మా అన్నయ్య కూతురు విమానంలో ఎయిర్ హోస్టెస్. ఆ వుద్యోగం వచ్చిననాడు మా యింట్లో జరిగిన రభస యింతా అంతా కాదు. "ఆడపిల్ల ఆకాశంలో కాఫీలు అందివ్వడమేమిటి?" అన్నాడు అన్నయ్య. "నేను కాలేజీలో పాఠాలు చెప్పడం లేదూ? అదీ వుద్యోగమే" అని వాదించి, దగ్గరుండి సూట్‌కేసు సర్దింది నేనే. ఆనాటి నుంచీ కాలేజీ మీదుగా విమానం పోతే చాలు, "అదిగో, మా పిల్ల!" అని అందరికీ చూపించేదాన్ని.

ఏడేళ్ళు గడిచాయి. కిందటి సంక్రాంతికి వచ్చినప్పుడు పిల్ల నన్ను పెరట్లోకి పిలిచి, "అత్తయ్యా, రొమ్ములో గడ్డలాంటిది చేతికి తగులుతోంది. నాన్నతో చెప్పకు" అన్నది. చెప్పకుండా యెలా వుంటాను? చెప్పాను. అన్నయ్య నావంక చూసి వొక్కటే మాట అన్నాడు: "పంపించింది నువ్వే కదా!"

చిన్న ముక్క తీసి పరీక్షకు పంపారు. ఫలితానికి పది రోజులు ఆగమన్నారు. యే దిగులు వచ్చినా పుస్తకాల మీద పడటం నా అలవాటు. ఆ పది రోజులూ అదే పని చేశాను.

1912లో విక్టర్ హెస్ అనే ఆస్ట్రియా శాస్త్రజ్ఞుడు బెలూనులో అయిదు వేల మీటర్లకు పైగా యెక్కి, పైకి పోయినకొద్దీ వొకరకం కిరణాలు హెచ్చుతాయని కనిపెట్టాడు. అవే విశ్వకిరణాలు. నేలమీద వున్న మనకు గాలిపొర దుప్పటిలా అడ్డం వుంటుంది. ముప్ఫయి అయిదు వేల అడుగుల యెత్తున ఆ దుప్పటి పలచబడుతుంది. ధ్రువాల దాపుగా పోయే దారుల్లో భూమి అయస్కాంతశక్తి యిచ్చే కాపు కూడా తగ్గుతుంది. మా పిల్ల తిరిగేది ఢిల్లీ నుంచి అమెరికాకు.

యెప్పుడో వొకసారి విమానమెక్కే మనబోటివాళ్ళకు భయం లేదు. యేటా వందల గంటలు అక్కడే నిలబడి పనిచేసేవాళ్ళ సంగతి వేరు. 2009లో అమెరికాలో వెలువడిన వొక నివేదికలో విమాన సిబ్బందికి సాలుకు సగటున 3 మిల్లీసీవర్టులని తేల్చారు. కిరణాల మధ్య పనిచేసే అక్కడి వుద్యోగులందరిలోకీ ఆ సగటే హెచ్చు. ఆస్పత్రిలో ఎక్స్‌రే తీసే కుర్రాడి చొక్కాకు కిరణాలు లెక్కగట్టే బిళ్ళ వొకటి వుంటుంది. మా పిల్లకు అటువంటి లెక్క యేనాడూ యెవరూ చెప్పలేదు. ఐరోపాలో మాత్రం ఆ లెక్క కట్టి సిబ్బందికి చెప్పాలని 1996లోనే నిబంధన చేశారు.

2018లో హార్వర్డు పరిశోధకులు అమెరికాలో 5,366 మంది విమాన పరిచారకుల ఆరోగ్యం పరిశీలించారు. వారిలోని స్త్రీలలో నూటికి 3.4 మందికి రొమ్ము కాన్సరు కనిపించింది. ఆ వయసుల సాధారణ స్త్రీలలో 2.3. చర్మపు కాన్సర్లూ యెక్కువే. విశ్వకిరణాలే కారణమని తేలిపోలేదు. పగలూ రాత్రీ తారుమారయ్యే నిద్ర మీదా అనుమానం వున్నది. యీ పనిలో రెండూ కలిసే వస్తాయి మరి.

ఆ వారమే క్లాసులో సంపాతి కథ చెప్పవలసి వచ్చింది. సూర్యుడి దాకా యెగిరినప్పుడు తమ్ముడు జటాయువుకు రెక్కలు అడ్డుపెట్టి, తానే కాలిపోయిన పెద్దవాడు. యేటేటా చెప్పే కథే. ఆ రోజు గొంతు పెగల్లేదు. నేను పెద్దదాన్నయివుండి చేసిందేమిటి? సూట్‌కేసు సర్దాను!

పదకొండో రోజున డాక్టరుగారు కాన్సరు కాదన్నారు. అన్నయ్య చాలాసేపు పూజగదిలోంచి బయటకు రాలేదు.

"మానేస్తావుటే?" అని అడిగాను పిల్లను.

"మానను అత్తయ్యా. ఆ పని నాకు యిష్టం. కాని యెంత మీద పడుతున్నదో నాకు తెలియాలి. అందరం కలిసి కంపెనీని అడుగుతాం" అన్నది.

కాలేజీ హాజరుపట్టీలాంటి రిజిస్టరు వొకటి కొని యిచ్చాను. యే తేదీన, యే దారిలో, యెన్ని గంటలు యెగిరిందో అందులో రాసుకుంటున్నది. యిదివరకు ఫోను చేస్తే "యే వూళ్ళో వున్నావే?" అని సరదాగా అడిగేదాన్ని. యిప్పుడు "యెన్ని గంటలు నిద్రపోయావు?" అని అడుగుతున్నాను.

అన్నయ్య కూడా వారం వారం ఆ రిజిస్టరు సంగతి కనుక్కుంటున్నాడట. నాతో మాత్రం యింకా ముభావంగానే వున్నాడు.