కొలత తెలిస్తేనే కూలి

గల్ఫ్‌లో మీటరు లెక్కన టైల్స్ పని చేసే తమ్ముళ్లూ, ఈ పోస్టు మీ కోసమే.

ప్రతి హాలూ నలుచదరంగా ఉండదు. ఎల్ ఆకారంలో ఉంటది, చివర అర్ధచంద్రం లెక్క బాల్కనీ ఉంటది. భయపడొద్దు. చాక్‌పీస్‌తో గీతలు గీసి ముక్కలు చేయండి. ఒక్కో ముక్క వైశాల్యం తీసి కలపండి. ఒకే జాగా రెండుసార్లు లెక్కలోకి రాకుండా చూసుకోండి. పిల్లర్ ఉంటే తీసెయ్యండి.

మా సైట్‌లో హాలు చూడండి. పెద్ద ముక్క పొడవు 6 మీటర్లు, వెడల్పు 4: మొత్తం 24. చిన్న ముక్క 3, 2: అది 6. అర్ధవృత్తం అడ్డం కొలత 4, అంటే వ్యాసార్థం 2. రెండు రెండ్ల 4, దాన్ని 3.14తో గుణిస్తే 12.56, అందులో సగం 6.28. అన్నీ కలిపితే 36.28. పిల్లర్ 60 సెంటీమీటర్ల చదరం, అది 0.36. తీసేస్తే 35.92 చదరపు మీటర్లు.

సబ్ కాంట్రాక్టర్ మాత్రం గుండ్రటి ముక్క వదిలేసి 30 అని రాసిండు. టైల్ కోయడానికి ఎక్కువ టైమ్ పట్టేది అక్కడే! మా మేస్త్రి ఒకడు గీతలు గీసి చూపిస్తే మారు మాట్లాడకుండా దిద్దిండు. మీటరుకు 10 దిర్హాములే అనుకున్నా, ఒక్క హాలుకే 59 దిర్హాములు పోయేవి.

పదో తరగతిలో ఈ లెక్క మార్కుల కోసం చేసినం. ఇక్కడ ఇంటికి పంపే పైసల కోసం చేయాలె. కొలత కాగితం మీద సంతకం పెట్టే ముందు మీరూ ఒకసారి టేపు పట్టండి.