యంత్రానికి మేలుకొలుపు

లినక్సు యంత్రం మేల్కొనగానే కెర్నెల్ లేపే తొలి ప్రోగ్రాము సంఖ్య 1. తక్కిన సేవలన్నిటినీ లేపవలసింది అదే. పూర్వం చాలా లినక్సులలో దాని వెంట చిన్న చిన్న షెల్ స్క్రిప్టులుండేవి. ఎస్20, ఎస్80 అంటూ పేర్లలోనే వరుస. తెరచి చదివితే తెలిసిపోయేవి. వాటిపై మమకారం నాకింకా పోలేదు. 2010లో లెన్నార్ట్ పొటరింగ్ ప్రకటించిన సిస్టమ్‌డీ క్రమేణా వాటిని పక్కకు నెట్టింది.

అది ఏకశిల అన్నది పాత విమర్శ. నిజానికి అందులో ఎన్నో ప్రోగ్రాములున్నాయి. ముందే చెప్పి ఉంచితే కూలిన సేవను తానే లేపుతుంది కనుక నా యంత్రంలోనూ అదే ఉంది. కానీ ముక్కలెన్ని అన్నది కాదు నా లెక్క. ఒక ముక్క కోసం వెళితే వెంట ఏమేమి వస్తాయన్నది.

2024 మార్చిలో బయటపడిన ఎక్స్‌జెడ్ ఉదంతమే చూడండి. "సిద్ధం" అని సిస్టమ్‌డీకి ఒక్క మాట చెప్పడానికి డెబియన్, ఫెడోరా వారు ఎస్‌ఎస్‌హెచ్ సర్వరుకు లిబ్‌సిస్టమ్‌డీని తగిలించారు. దాని వెంట ఒక కుదింపు లైబ్రరీ వచ్చింది. ఆ లైబ్రరీలో ఎవరో పన్నాగంతో దొడ్డివాకిలి పెట్టారు. స్థిర విడుదలలకు చేరకముందే పట్టుబడింది, అదృష్టం! అసలా మాటకు లైబ్రరీయే అక్కరలేదు. సాకెట్‌లో ఒక చిన్న పంక్తి వ్రాస్తే చాలు. ఆ జూలైలో వెలువడిన ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్ 9.8 ఆ పంక్తిని తానే వ్రాసుకున్నది.