ఉమ్మడి ఖాతా

బాంకులో ఉమ్మడి ఖాతాలు రెండు రకాలు. ఇద్దరిలో ఎవరు సంతకం పెట్టినా చెల్లేది ఒకటి, ఇద్దరూ పెడితేనే చెల్లేది రెండోది. ముప్ఫై ఏళ్ళ ఉద్యోగంలో నేను చూసిన తగాదాలు ఎక్కువగా మొదటి రకంలోనివే. ఒకరికి తెలియకుండా ఇంకొకరు తీసేస్తారు. మా అన్నయ్య వైద్యం కూడా కొంతకాలం ఆ పద్ధతిలోనే నడిచింది. గుండెకొక డాక్టరు, మెదడుకొక డాక్టరు, ఎవరి చీటీ వారిది.

మాది బరంపురం. 1936లో గంజాం ఒరిస్సాలో చేరినప్పుడు ఇక్కడే ఉండిపోయిన కుటుంబాల్లో మాదొకటి. నాన్నగారు తెలుగు మాస్టారు. యాభై నిండకముందే మాట తడబడింది, తర్వాత నడక. చివరి రోజుల్లో మా పేర్లు కూడా వెతుక్కునేవారు. పక్షవాతం, ఆపైన మతిమరుపు అన్నారంతా. మేనత్తకేమో పార్శ్వపు నొప్పి. నొప్పి వచ్చేముందు కళ్ళెదుట వంకరటింకర వెలుగు గీతలు కనపడతాయనేది. దిష్టి తీసేవారు. ఈ రెండూ ఒకే జబ్బు తాలూకు రెండు కొసలని ఎవరికి తడుతుంది? ఆ జబ్బుకు పేరు పెట్టిందే 1993లో, ఫ్రాన్సు దేశపు డాక్టర్లు.

పేరు కాడాసిల్. చాంతాడంత ఇంగ్లీషు పేరుకు పొడి అక్షరాలు. 19వ క్రోమోజోము మీదున్న నాచ్-3 అనే జన్యువులో మార్పు దీనికి కారణమని 1996లో తేల్చారు. మెదడు లోపలికి పోయే సన్నటి ధమనుల గోడల్లోని కండర కణాలు ఏళ్ళ తరబడి నశిస్తూ పోతాయి. గోడ మందమై బిరుసెక్కుతుంది. మంచి నాళం అవసరాన్ని బట్టి విప్పారుతుంది, ఇది సరిగా విప్పారలేదు. దాంతో మెదడు లోపలి భాగాలకు రక్తం చాలదు. చాలామందిలో ముందు పార్శ్వపు నొప్పి, నలభై యాభైల్లో చిన్న చిన్న పక్షవాతాలు, పిమ్మట ఆలోచన మందగించడం. తల్లిదండ్రుల్లో ఒకరికుంటే ప్రతి బిడ్డకూ సగానికి సగం అవకాశం, ఆడైనా మగైనా. దీన్ని ఆపే మందు ఇంతవరకూ లేదు.

అన్నయ్యకు 2016లో, యాభై రెండో ఏట, కుడిచెయ్యి పట్టు తప్పింది. మా ఊళ్ళో అడిగిన ప్రతిచోటా "ఫేమిలీ హిస్టరీ" కాలమ్‌లో బి.పి. లేదు, షుగర్ లేదు అని రాయించాం. విశాఖలో ఒక పెద్దావిడ, మెదడు డాక్టరు, కాలమ్ పక్కన పెట్టి, "మీ మామగారు ఎలా పోయారమ్మా?" అని వదినను అడిగారు. వదిన పది నిమిషాలు ఆగకుండా చెప్పింది. మేనత్త వెలుగు గీతలు కూడా అప్పుడే బయటికొచ్చాయి. ఒడియా మాకు రాదని కాదు. బజారులో, బాంకులో మాట్లాడేది అదే. చావుల సంగతి మాత్రం ఇంటిభాషలోనే చెప్పుకుంటాం. ఎం.ఆర్.ఐ., జన్యుపరీక్ష ఆ తర్వాత వచ్చాయి.

2022లో గుండె. మెట్లెక్కితే ఛాతీ మీద బండ పెట్టినట్టుండేది, కూర్చుంటే పోయేది. మా ఊరి గుండె డాక్టరు మణికట్టు దగ్గర నుంచి యాంజియోగ్రాం చేశాడు. ఒక నాళం బాగా సన్నబడింది. "ఎలాగూ బల్ల మీదే ఉన్నారు, స్టెంటు వేసేద్దాం" అన్నాడు. వదిన బయటికొచ్చి, "మరిదీ, మెదడు ఫైలు వీళ్ళు చూశారంటావా?" అంది. చూడలేదు. ఆ ఫైలు ఆమె చేతిసంచిలోనే ఉంది.

స్టెంటు వేస్తే యాస్ప్రిన్, క్లోపిడోగ్రెల్ రెండూ కలిపి కొన్ని నెలలు వాడాలి, లేకపోతే స్టెంటులోనే రక్తం గడ్డకడుతుంది. ఆ ఫైల్లోనేమో, అన్నయ్య మెదడులో అక్కడక్కడ సూదిమొనంత పాత రక్తపు మరకలున్నాయని రాసి ఉంది. ఇటువంటి నాళాలు ఒక్కోసారి కారతాయి. మా బంధువులు రెండుచోట్లా "బ్లాకే కదా" అంటారు. గుండె నాళంలో ఉన్నది కొవ్వు పూడిక. మెదడు నాళంలో ఉన్నది గోడ జబ్బు. రక్తం పలచబడే మందు మొదటిదానికి మేలని రుజువైంది. రెండోదానికి మేలని రుజువు లేదు, కారే భయం మాత్రం ఉంది. యాస్ప్రిన్ నిషేధమని కాదు, ఒక్కటైతే చాలామంది డాక్టర్లు ఇస్తారు. రెండు కలిపి ఎక్కువకాలం అన్నప్పుడే ఆలోచించాలి.

స్టెంటు ఆపించి, విశాఖకు ఒక్కసారి ఫోను చెయ్యమని బతిమాలాను. మొదట విసుక్కున్నాడు. తర్వాత తలుపు వేసుకుని చాలాసేపు మాట్లాడాడు. బయటికొచ్చి 2019లో వెల్లడైన ఇస్కీమియా అనే అధ్యయనం సంగతి ఆయనే చెప్పాడు. మన దేశంతో సహా 37 దేశాల్లో 5,179 మంది మీద చేశారట. గుండెజబ్బు నిలకడగా ఉన్నవారిలో, మొదటే స్టెంటో ఆపరేషనో చేసినవాళ్ళకీ మందులతో మొదలుపెట్టినవాళ్ళకీ మరణాల్లో తేడా రాలేదు. ఛాతీనొప్పి తగ్గడంలో మాత్రం మొదటివాళ్ళకే మేలు. ఎడమ ప్రధాన నాళం బాగా పూడినవాళ్ళను అందులో చేర్చలేదు. అన్నయ్యకు ఆ నాళం బాగానే ఉంది. కాబట్టి ముందు మందులు, నొప్పి లొంగకపోతే అప్పుడు స్టెంటు అని ఇద్దరూ ఒప్పుకున్నారు.

అక్కడినుంచి ప్రతి మాత్రనూ రెండువైపులా చూడాల్సి వచ్చింది. మెటోప్రొలాల్ మంచి బేరం, గుండెకు శ్రమ తగ్గిస్తుంది, పార్శ్వపు నొప్పి రాకుండానూ కాస్తుంది. తలనొప్పికి అంతకుముందు వాడిన సుమాట్రిప్టాన్ గుండె జబ్బున్నవాళ్ళకు పనికిరాదు, తీసేశారు. నాలుక కింద పెట్టుకునే సార్బిట్రేట్ ఛాతీనొప్పి తీస్తుంది, తలనొప్పి తెస్తుంది. బి.పి.ని ఒక్కసారిగా దించేస్తుంది కూడా, అందుకని కూర్చుని మాత్రమే వేసుకోవాలి. బి.పి. ఎక్కువైతే నాళం కారవచ్చు, మరీ తగ్గితే మెదడుకు రక్తం చాలదు. గుండె డాక్టరు ఇంకా దించుదామంటాడు, విశాఖావిడ నెమ్మదిగా అంటారు. ఇద్దరికీ బేరం కుదరడానికి రెండు నెలలు పట్టింది. ఇద్దరూ మారుమాట లేకుండా ఒప్పుకున్నది సిగరెట్టు మానడం ఒక్కటే. దానికి అన్నయ్య ఒప్పుకోవడానికి ఇంకో రెండు నెలలు.

నిజంగా గుండెపోటు వస్తే? అదే వదిన భయం. చిన్న ఊళ్ళలో వెంటనే గడ్డ కరిగించే ఇంజక్షను ఇచ్చేస్తారు. అన్నయ్యలాంటివాళ్ళకు దానివల్ల మెదడులో రక్తస్రావం కావచ్చు, తిన్నగా యాంజియోప్లాస్టీ చేసేచోటికి తీసుకుపోవాలి. అప్పుడు స్టెంటు తప్పదు, రెండు మాత్రలూ తప్పవు, వీలైనంత తక్కువకాలం. పక్షవాతం వచ్చినవాళ్ళకు ప్రసుగ్రెల్ అసలివ్వకూడదు. ఇదంతా ఒక కాగితం మీద రాయించి ఇద్దరు డాక్టర్ల చేతా సంతకం పెట్టించాను. ఇంగ్లీషుది డాక్టర్లకి, ఒడియాది 108 వాళ్ళకి, తెలుగుది వదినకి. తెలుగుది రాయడమే కష్టమైంది. 'రక్తం పలచబడుతుంది' అంటే రక్తహీనత అనుకుని వదిన బీట్‌రూట్ మొదలుపెట్టింది.

ఇక మిగిలినవాళ్ళం. నేను పరీక్ష చేయించుకోలేదు. బి.పి. చూసుకోవడం, పొగ తాగకపోవడం పరీక్ష లేకుండానే చెయ్యగలను, మందు వచ్చిననాడు చేయించుకుంటాను. మా ఆవిడ ఒప్పుకోదు, ఇద్దరాడపిల్లలున్నారు, వాళ్ళకోసం తెలియాలి అంటుంది. ఆమె మాటలోనూ న్యాయముంది. పూణేలో ఉన్న అన్నయ్య కొడుక్కి సంబంధాలు చూస్తున్నారు. దాచమంటుంది వదిన, చెప్పమంటాను నేను. బాకీ దాచి ఆస్తి అమ్మినట్టవుతుందని ఒకసారి నోరు జారాను, వారం రోజులు నాతో మాట్లాడలేదు. పిల్లవాడు మా ఇద్దరినీ అడక్కుండా ఆ అమ్మాయితో తనే చెప్పేశాడు. ఆమె నెల గడువడిగింది.

మొన్న జనవరిలో అన్నయ్యకు మళ్ళీ మెట్ల దగ్గర బరువనిపించింది. గుండె డాక్టరు ఈ.సి.జి. తీసి, మేం అడగకముందే విశాఖకు ఫోను కలిపాడు. మాత్ర మోతాదు కొంచెం పెంచారు. నొప్పి లొంగకపోతే స్టెంటు మాట ఏప్రిల్లో చూద్దామన్నారు. మేడమీది పుస్తకాల గదిని వదిన కిందికి మార్పించింది. అన్నయ్యకు అది మాత్రం నచ్చలేదు.