మీసాల నాగమ్మ

తెల్ల సూటు, నెత్తిన గూడులా నిలబెట్టిన తెల్ల జుట్టు, చేతిలో ఫోను. స్టేజి మీద ఇంకో మనిషి లేడు. టెక్సస్ మాజీ గవర్నర్ ఆన్ రిచర్డ్స్ మీద హాలండ్ టేలర్ అనే నటి తనే రాసుకుని, తనొక్కతే ఆడిన ‘ఆన్’ నాటకం అది. 2010లో గాల్వెస్టన్‌లో మొదలై 2013లో బ్రాడ్వేకి వెళ్లింది. నేను 2020లో హ్యూస్టన్‌లో ఇంట్లో కూర్చుని టీవీలో చూశాను. ఫోనులో అవతలివాళ్ల మాట మనకి వినపడదు. ఆవిడ ఒకళ్లని కసురుతూ, మరొకళ్లని బుజ్జగిస్తూ ఉంటే పగలబడి నవ్వాను.

గుడివాడ దగ్గరవాణ్ణి, మనకిలాంటిది ఎవరి మీద రాయొచ్చు అనుకోగానే ఇంకెవరు గుర్తొస్తారు? ఎన్టీ రామారావుగారి నిమ్మకూరు మాకు కూతవేటు. 1983లోనూ 1985లోనూ ఆయన గుడివాడలో గెలిచారు. హ్యూస్టన్ తెలుగు సభల్లో ఆయన గొంతుకి కొదవ లేదు. కాషాయం కట్టి ‘బ్రదర్’ అనగానే చప్పట్లు, అయిదు నిమిషాల్లో దిగిపోవడం. అది మిమిక్రీ. మా వైపు ఏకపాత్ర అంటే మయసభ దుర్యోధనుడే. ఆయన సినిమా ‘దానవీరశూరకర్ణ’ వచ్చిన 1977 నుంచీ బందరు, అవనిగడ్డ పందిళ్లలో కుర్రాళ్లు గద భుజాన వేసుకుని ఆ డైలాగులే దంచుతున్నారు. ఆయన వేసిన వేషం వేస్తున్నాం గానీ, ఆయన వేషం వెయ్యడం లేదు.

అది తేలికా కాదు. బెజవాడ కాలేజీలో విశ్వనాథ సత్యనారాయణగారు ఆడవేషం ఇస్తే మీసం తియ్యనని మొండికేసి, ‘మీసాల నాగమ్మ’ అనిపించుకున్న మనిషి ఆయన. నాటకం కోసం మీసం వదలనివాడు రాజకీయాల కోసం కాషాయం కట్టాడు. అంత నాటకం తనే ఆడేసినవాణ్ణి ఇంకెంత పెంచి చూపిస్తావు?

పాలకుణ్ణి వేషంలో నిలబెట్టడం మాకు కొత్తకాదు. మొవ్వ పక్కనే కూచిపూడి. సమ్మెట గురవరాజు దాష్టీకాన్ని ఆ భాగవతులు విజయనగర రాజు ముందే ఆడి చూపించారని మాచుపల్లి కైఫీయతు చెబుతుంది. తర్వాత పగటివేషగాళ్లు వాకిట్లోకొచ్చి ఊరి పెద్దల్ని కూడా ఆడి చూపించారు. అయినా 1987లో ‘మండలాధీశుడు’ సినిమాలో రామారావుగారి పోలికతో ముఖ్యమంత్రిగా వేసిన కంకిపాడు కోట శ్రీనివాసరావుగారు, బెజవాడ రైల్వేస్టేషన్లో అభిమానుల చేతిలో దెబ్బలు తిన్నానని తనే చెప్పుకున్నారు. దివిసీమలో మరీ కష్టం. 1977 నవంబరు 19 ఉప్పెన తర్వాత ఆయన జోలె పట్టి చందాలు వసూలు చెయ్యడం చూసినవాళ్లు ఇంకా ఉన్నారు. వాళ్ల ముందు వెటకారం చెల్లదు, చనువు కావాలి.

నా నాటకం తెల్లవారుజామున మొదలవుతుంది. ముఖ్యమంత్రి లేచి, స్నానం చేసి, కాషాయం కట్టి ఫోనెత్తుతాడు. అవతల కలెక్టరు నిద్రమత్తు. ఆవలింత కూడా ఈయన మొహంలోనే తెలియాలి.

ఇదంతా గుడివాడ మావయ్యకి ఫోన్లో చెప్పాను.

“బానే ఉంది గానీ ఒరేయ్, వైస్రాయ్ హోటలు పెడతావా?”

“పెట్టకపోతే రెండో అంకం ఏముంది మావయ్యా? ఎమ్మెల్యేలు అక్కడ చేరి ఆయన్ని గద్దె దించిన 1995 ఆగస్టు లేకుండా ఎలా?”

“అయితే ముందు అక్కడే ఆడుకో. ఇక్కడ ఏ సీనుకి ఎవరు లేస్తారో నేను చెప్పలేను.”